పిడికెడు

లారీ వేబ్రిడ్జి ఎక్కితే
కాటా చెప్పిన అంకె నేను రాస్తాను.
పోర్టులో పదహారేళ్లుగా ఇదే పని.
బొగ్గు, మాంగనీసు,
వానకి తడిసి దొంగబరువెక్కిన ఎరువు.
ఎక్కువున్నా తప్పే, తక్కువున్నా తప్పే.
కాగితం మీద ఈ మాట నాకు బాగా తెలుసు.
ఒంట్లో తెలియలేదు.

కేజీహెచ్‌లో గుండెకి లోహపు కవాటం పెట్టారు.
ఇల్లు సద్దుమణిగాక అది వినిపిస్తుంది.
గోడ గడియారమనుకుని మా చెల్లెలి కొడుకు
"సెల్లు తీసెయ్ పెద్దమ్మా, నిద్ర పట్టట్లేదు" అన్నాడోసారి.
ఆ చప్పుడు ఆగకూడదంటే
రక్తం పలచగా పారాలి.
అందుకొక మాత్ర, రోజూ సాయంత్రం ఆరింటికి.

అచ్చియ్యమ్మకి ఇవేవీ తెలీవు.
ఆనందపురం నుంచి మొదటి బస్సులో దిగి
కంచరపాలెం మెట్ట దగ్గర గోనె పరుస్తుంది.
జాకెట్టు పైన తొంగిచూసే నా కుట్టు చూసి
"ఓలమ్మో, ఎంత రగతం పోనాదో" అంది.
పోయిన రక్తమంతా ఆకుల్లోనే దాక్కుందని ఆమె లెక్క.
ఆ రోజు నుంచీ నా సంచీ ఉబ్బేది.
తోటకూరకి డబ్బులు పుచ్చుకునేది,
పొన్నగంటి ఊరికే కుక్కేది,
మునగాకు దూసి, తడిగుడ్డలో చుట్టి,
వేరే వాళ్లకి కనపడకుండా ఇచ్చేది.

నేనూ నమ్మాను.
ఆకుకూర తిని చెడినవాళ్లెవరు?
కేరేజీలో బచ్చలి పులుసు,
రాత్రికి పాలకూర పప్పు,
మజ్జిగలో కూడా ఇంత కొత్తిమీర.
పచ్చగా కనిపించిందల్లా
పుణ్యంలా నమిలాను.

నెల పరీక్షలో ఒకటీ పాయింట్ నాలుగు.
రెండున్నరకీ మూడున్నరకీ నడుమ నిలవాల్సిన అంకె.
"మాత్ర మానేశావా?"
లేదన్నాను.
"ఏం తింటున్నావు?"
గర్వంగా మొదలుపెట్టాను.
సగంలోనే డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

ఆకులోని విటమినొకటి
రక్తాన్ని గడ్డకట్టమంటుందట.
మాత్ర వద్దంటుందట.
నెల్లాళ్లు నా నరాల్లో వాళ్లిద్దరి తగువు.
నేను చెయ్యి కడుక్కుని
హాయిగా పడుకున్నాను.

"పూర్తిగా మానేస్తాను."
"మానేస్తే ముల్లు అటు తిరుగుతుంది,
చిగుళ్లు కారతాయి.
తిను. ఇవాళ ఎంతో రేపూ అంతే."

కేజీహెచ్ డౌను దిగుతుంటే సముద్రం కనిపించింది,
రేవు కోసం కాచుకున్న ఓడ ఒకటి.
ఓడ పొట్ట మీద గీతలుంటాయి.
గీత మునిగేదాకా సరుకెత్తితే ప్రమాదం.
ఖాళీగా తేలినా గాలికి తూలుతుంది,
అందుకే ఉత్త నీళ్లయినా నింపుకుంటుంది.
ఇన్నేళ్లుగా చూస్తున్న గీతలే.

అచ్చియ్యమ్మకి చెప్పడానికి మూడు రోజులు పట్టింది.
"అయితే నా కూర ఇసమా?"
కాదు కాదు అన్నాను.
మరేటని అడగలేదు.
నీళ్లు చిలకరిస్తూ కూర్చుంది,
ఇంకా వాడని కట్టల మీద కూడా.

మర్నాడు తనే పిలిచింది.
నా చెయ్యి లాక్కుని వేళ్లు మడిచి
ఆ పిడికిలి చుట్టూ తోటకూర పేర్చి
అరటినార ముడేసింది.
"రోజూ ఇంతే. ఇసరంత ఎక్కువడిగినా ఇవ్వను."

ముడేస్తూనే అంది, ఎవరి సంగతో చెప్పినట్టు:
"నాకూ సెప్పేడు డాకటేరు, నడుంలో రాయున్నాదని.
పాలకూర ముట్టొద్దన్నాడు.
పొద్దోయేసరికి అమ్మక మిగిలింది
పారబొయ్యమంతావేటి?"

నారముడి బిగిసింది.
నేను వద్దన్న కట్టలు
ఆ గోనె మీదే ఉన్నాయి,
వేర్లకింకా ఆనందపురం మట్టితో.
సాయంత్రం అవి
ఎవరి కుండలోకి వెళ్తాయో
నాకిప్పుడు తెలుసు.

ఏడున్నర షిఫ్టు.
మొదటి లారీ కాటా ఎక్కింది.
అంకె రాయబోయి
కలం పట్టుకుని
కాసేపు అలాగే ఉన్నాను.